ఆఖరి సందేశం ఎవరిది? డిజిటల్ మార్పిడిలో న్యాయం సంగతి

ఇల్లు అమ్మేవారికీ కొనేవారికీ మధ్య ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. డబ్బు చేతికి అందాకే సంతకం పెడతానంటారు ఒకరు. సంతకం పడ్డాకే డబ్బు ఇస్తానంటారు ఇంకొకరు. ఇద్దరి భయమూ సబబైనదే. అందుకే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుంటారు, పక్కన సాక్షులుంటారు, డీడీ అటు వెళ్తుండగా సంతకం ఇటు వస్తుంది. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో పుచ్చుకోవడం అని మనం అనేది దీన్నే.

ఇప్పుడు ఆ బల్లను తీసేద్దాం. ఒకరు వరంగల్‌లో ఉన్నారు, ఇంకొకరు దుబాయ్‌లో ఉన్నారు. మధ్యలో ఉన్నది ఇంటర్నెట్ ఒక్కటే. మార్చుకోవాల్సింది డిజిటల్ సంతకం కావచ్చు, డబ్బు కావచ్చు, ఒక ఫైలు కావచ్చు. ఎవరో ఒకరు ముందు పంపాలి. ముందు పంపినవారు రెండోవారి దయ మీద ఆధారపడతారు.

క్రిప్టోగ్రఫీలో, అంటే గూఢలిపి శాస్త్రంలో, దీనికి న్యాయమైన మార్పిడి సమస్య అని పేరు. షరతు చిన్నదే. మార్పిడి ముగిసేసరికి అందరికీ రావాల్సింది వచ్చి ఉండాలి, లేదంటే ఎవరికీ ఏదీ రాకూడదు. కొందరికి అంది కొందరికి అందని స్థితి మాత్రం రాకూడదు. నలభై ఏళ్లకు పైగా పరిశోధకులు దీని మీద పనిచేస్తున్నారు. వాళ్లు తేల్చిన విషయాలు మన డిజిటల్ విధానాలకు చాలా అవసరమని నా అభిప్రాయం. వాటి సారం ఒక్క మాటలో చెప్పాలంటే, ఈ అన్యాయాన్ని పూర్తిగా తీసేయలేం, ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి జరపగలం. ఎవరి మీదికి జరపాలన్నది మాత్రం గణితం చెప్పదు. అది మనం నిర్ణయించుకోవాలి.

కొలోన్‌లో సాయంత్రం, న్యూయార్క్‌లో ఉదయం

ఇది ఊహాజనితమైన భయం కాదు. 1974 జూన్ 26న పశ్చిమ జర్మనీలోని కొలోన్ నగరంలో హెర్‌స్టాట్ అనే బ్యాంకును అధికారులు మూసేశారు. ఆ రోజు చాలా బ్యాంకులు విదేశీ మారకం ఒప్పందాల కింద దానికి జర్మన్ మార్కులు చెల్లించేశాయి. బదులుగా తమకు రావాల్సిన డాలర్లు న్యూయార్క్‌లో అందాలి. జర్మనీలో ఆ రోజు చెల్లింపుల వేళ ముగిసింది కానీ న్యూయార్క్‌లో ఇంకా ఉదయమే. ఆ కొన్ని గంటల తేడాలో డాలర్ల చెల్లింపు ఆగిపోయింది. మార్కులు ఇచ్చినవారికి డాలర్లు రాలేదు.

బ్యాంకింగ్ రంగంలో ఈ ప్రమాదాన్ని ఇప్పటికీ హెర్‌స్టాట్ రిస్క్ అనే పిలుస్తారు. దీన్ని తగ్గించడానికి 2002లో సీఎల్ఎస్ అనే అంతర్జాతీయ సంస్థ పని మొదలుపెట్టింది. రెండు వైపుల చెల్లింపులూ తన దగ్గరికి చేరాకే అది రెండింటినీ విడుదల చేస్తుంది. మన దేశంలో క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కూడా 2002లోనే కార్యకలాపాలు ప్రారంభించింది. షేర్ మార్కెట్లలోనూ కొనేవారికీ అమ్మేవారికీ మధ్య ఒక క్లియరింగ్ కార్పొరేషన్ నిలబడుతుంది. 2023 జనవరి చివరి నుంచి షేర్ల లావాదేవీలన్నీ మరుసటి పనిదినానికే పూర్తవుతున్నాయి. గడువు తగ్గితే మధ్యలో ఏదైనా జరిగే అవకాశమూ తగ్గుతుంది.

అంటే ప్రపంచం ఎంచుకున్న పరిష్కారం పాతదే: నమ్మకమైన మధ్యవర్తి. ఇక్కడే క్రిప్టోగ్రాఫర్లు ఒక ప్రశ్న వేశారు. ఆ మధ్యవర్తి లేకుండా, కేవలం గణితంతో ఈ పని చేయలేమా?

కొంచెం కొంచెంగా ఇస్తే?

1980లలో మాన్యుయెల్ బ్లమ్ తదితరులు ఒక ఆలోచన చేశారు. రహస్యాన్ని ఒక్కసారిగా ఇవ్వకుండా బిట్ తర్వాత బిట్‌గా ఇచ్చిపుచ్చుకుంటే సరిపోతుంది కదా. నేను ఒక బిట్ ఇస్తాను, మీరు ఒక బిట్ ఇవ్వండి. మధ్యలో ఎవరు ఆపేసినా, రెండోవారికంటే ఒక్క బిట్ మాత్రమే ముందుంటారు. మిగిలిన బిట్లను ఇద్దరూ దాదాపు సమానమైన శ్రమతో లెక్కించుకోవచ్చు.

ఆలోచన అందంగానే ఉంది. అయితే ఇద్దరి కంప్యూటర్ల శక్తీ దాదాపు సమానమైతేనే ఇది నిలుస్తుంది. ఒకరి దగ్గర పెద్ద డేటా సెంటర్, ఇంకొకరి దగ్గర పాత ఫోన్ ఉంటే మధ్యలో ఆపేయడం మొదటివారికి లాభం. మిగిలిన బిట్లను వాళ్లు నిమిషాల్లో తేల్చుకుంటారు, రెండోవారికి నెలలు పడుతుంది.

అసలు అడ్డంకి ఇంకా లోతైనది. ఎన్ని సందేశాలు పంపుకున్నా, వాటిలో ఒకటి ఆఖరిది అవుతుంది. ఆ ఆఖరి సందేశం పంపాల్సిన మనిషికి అప్పటికే తనకు కావాల్సిందంతా అంది ఉంటే, దాన్ని పంపకుండా ఊరుకోవచ్చు. ఆ సందేశం లేకపోయినా రెండోవారికి నష్టం లేదంటే, అది అవసరం లేనిదన్నమాట. దాన్ని తీసేస్తే దానికి ముందున్నది ఆఖరిదవుతుంది, అక్కడ మళ్లీ ఇదే వాదన. ఇలా వెనక్కి వెళ్తే మార్పిడే మిగలదు. ఈ తరహా అసాధ్యతను షిమోన్ ఈవెన్, యాకోబి 1980లోనే చూపించారు. మధ్యవర్తి లేకుండా ఇద్దరి మధ్య కచ్చితంగా న్యాయమైన ఒప్పంద సంతకం కుదరదు.

1986లో రిచర్డ్ క్లీవ్ దీన్ని మరింత పటిష్ఠం చేశారు. నాణెం ఎగరేసి బొమ్మో బొరుసో తేల్చుకునేంత చిన్న పనిలో కూడా, ఆడేవారిలో సగం మందో అంతకంటే ఎక్కువో మోసం చేయడానికి కలిస్తే, పూర్తి న్యాయం అసాధ్యమని నిరూపించారు. మోసగాడు మధ్యలో ఆపేసి ఫలితాన్ని తనవైపు కొంత వంచగలడు. ఎక్కువ దఫాలుగా ఆడితే ఆ వంపు తగ్గుతుందే తప్ప సున్నా కాదు.

ఈ ఫలితానికి మినహాయింపులున్నాయి. పాల్గొనేవారిలో సగానికంటే ఎక్కువ మంది నిజాయితీపరులైతే న్యాయం సాధ్యమే. కానీ ఇద్దరే ఉన్నప్పుడు సగానికంటే ఎక్కువ అంటే ఇద్దరూ అని అర్థం. ఇద్దరూ నిజాయితీపరులైతే ప్రోటోకాల్‌తో పనేముంది? అలాగే కొన్ని ప్రత్యేకమైన లెక్కలను ఇద్దరి మధ్య కూడా పూర్తి న్యాయంగా చేయవచ్చని 2008లో తేలింది. కానీ సంతకాల మార్పిడి ఆ కోవలోకి రాదు.

రేపు క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఈ చిక్కు వీడుతుందా అని కొందరు అడుగుతుంటారు. వీడదు. ఇక్కడ అడ్డుపడుతున్నది లెక్కించే శక్తి తక్కువ కావడం కాదు, ఒక మనిషి మౌనంగా ఊరుకోగలగడం. వేగవంతమైన యంత్రం ఎవరినీ మాట్లాడించలేదు.

గొడవ వస్తేనే పెద్దమనిషి

మధ్యవర్తిని పూర్తిగా తీసేయలేమని తెలిశాక, అతని పాత్రను ఎంతవరకు తగ్గించవచ్చన్న ప్రశ్న మిగిలింది. దీనికి చక్కని జవాబు 1997లో ఎన్. అశోకన్, మథియాస్ షుంటర్, మైకేల్ వైడ్నర్ ఇచ్చారు. వాళ్ల పద్ధతిని ఆశావాద మార్పిడి అనవచ్చు. అందరూ సవ్యంగా ఉంటారన్న ఆశతో మొదలవుతుంది, తేడా వస్తేనే మధ్యవర్తిని పిలుస్తుంది.

స్థూలంగా అది ఇలా నడుస్తుంది. నేను నా సంతకాన్ని మధ్యవర్తి మాత్రమే తెరవగలిగే డిజిటల్ కవరులో పెట్టి మీకు పంపుతాను. కవరు తెరవకుండానే లోపలున్నది నా అసలు సంతకమేనని మీరు పరీక్షించుకోగలరు. అలా పరీక్షించే గణిత పద్ధతులు ఉన్నాయి. అప్పుడు మీరు ధైర్యంగా మీ సంతకం పంపుతారు. బదులుగా నేను నా సంతకం నేరుగా పంపితే కథ ముగుస్తుంది, మధ్యవర్తికి ఈ ఒప్పందం సంగతే తెలియదు. నేను మొండికేస్తే మీరు కవరుతో మధ్యవర్తి దగ్గరికి వెళ్తారు, అతను తెరిచి ఇస్తాడు. మోసం చేసినా ఫలం లేదని తెలిశాక మోసం చేయాలన్న కోరికా తగ్గుతుంది.

ఊళ్లో పెద్దమనిషి ప్రతి బేరంలోనూ కూర్చోడు, గొడవ వచ్చినప్పుడే పిలుస్తారు. ఇదీ అంతే. ఒక తేడా ఉంది. గొడవ రానంతవరకు ఈ పెద్దమనిషికి మన బేరసారాలేవీ తెలియవు. గోప్యత దృష్టితో చూస్తే ఇది చిన్న విషయం కాదు.

ఇద్దరు నలుగురైతే

ఇద్దరి మధ్య ఇంత బాగా పనిచేసిన ఆలోచన ఎక్కువ మంది చేరగానే తడబడింది. అందరూ అందరి సంతకాలూ పొందాల్సిన ఒప్పందం కోసం గారే, మెకంజీ 1999లో ఒక ప్రోటోకాల్ ప్రతిపాదించారు. అది న్యాయమైనదేనని చాలామంది అనుకున్నారు. 2004లో రోహిత్ చద్దా, స్టీవ్ క్రెమర్, ఆండ్రే స్కెడ్రోవ్ కంప్యూటర్ సాయంతో అందులోని సాధ్యాసాధ్యాలన్నీ వరుసగా తరచి చూశారు. సంతకం చేసేవారు నలుగురైతే అందులో లోపం ఉందని బయటపడింది. మధ్యవర్తి పాటించాల్సిన నియమాలు మార్చి వాళ్లు ఒక సవరణ సూచించారు. రెండేళ్లకే ముఖమెదోవ్, ర్యాన్ ఆ సవరణ కూడా నలుగురికి మించితే నిలవదని చూపించారు. సందేశాలు నడిచే క్రమంలోనే లోపం ఉంది కాబట్టి మధ్యవర్తి ఏ నిర్ణయం తీసుకున్నా ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుందని వాళ్లు నిరూపించారు.

ఎందుకిలా? మధ్యవర్తి ఒకరికి ఒప్పందం రద్దయిందని చెప్పేస్తాడు. తర్వాత ఇంకొకరు వచ్చి, అందరూ సంతకాలు చేసిన ఆధారం చూపిస్తారు. ఇప్పుడు మొదటి మాట వెనక్కి తీసుకోవాలా, నిలబెట్టుకోవాలా? కుట్రదారులు ఒకరి తర్వాత ఒకరుగా వచ్చి సగం నిజాలు చెబుతూ అతన్ని ఇరుకున పెట్టగలరు. నిజాయితీగల, తెలివైన పెద్దమనిషి ఉన్నంత మాత్రాన సరిపోదు. అతని ముందుకు విషయం ఏ వరుసలో వస్తుందన్నదీ ముఖ్యమే. నిపుణులు రూపొందించిన ప్రోటోకాల్‌లోనే లోపం బయటపడడానికి ఐదేళ్లు పట్టిందంటే, హడావిడిగా తయారయ్యే యాప్‌ల సంగతి ఏమిటో ఆలోచించాలి.

ఎక్కువ మంది మధ్య మార్పిడి అనగానే నాకు గుర్తొచ్చేది కిడ్నీల మార్పిడి. భార్యకు కిడ్నీ ఇవ్వాలనుకున్న భర్తకు రక్తం గ్రూపు కలవదు. ఇంకో కుటుంబంలోనూ అదే పరిస్థితి. ఒకరి దాత కిడ్నీ ఇంకొకరి రోగికి సరిపోతే మార్చుకోవచ్చు. మన అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ దీనికి వీలు కల్పించింది. ఇలాంటి శస్త్రచికిత్సలను సాధారణంగా ఏకకాలంలో చేస్తారు. ఒక జంటకు కిడ్నీ అందాక రెండో దాత మనసు మార్చుకుంటే అతన్ని బలవంతపెట్టడానికి ఏ చట్టమూ లేదు, ఉండకూడదు కూడా. అందుకే వైద్యులు ఒకే సమయాన్ని రక్షణగా వాడుకున్నారు. నెట్‌వర్క్ మీద ఆ సౌకర్యం లేదు. అక్కడ ఏ రెండు సందేశాలూ ఒకే క్షణంలో చేరతాయన్న హామీ ఉండదు.

మధ్యవర్తి స్థానంలో గడియారం

బ్లాక్‌చెయిన్ వచ్చాక మధ్యవర్తితో ఇక పని లేదన్న మాట బాగా వినపడుతోంది. ఇందులో ఎంత నిజముందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

గోదాముల్లో నిల్వ ఉన్న పంటకు డిజిటల్ రసీదులు ఉన్నాయనుకుందాం. లత దగ్గర మిర్చి రసీదు ఉంది, ఆమెకు పత్తి కావాలి. ఇమ్రాన్ దగ్గర పసుపు ఉంది, అతనికి మిర్చి కావాలి. మేరీ దగ్గర పత్తి ఉంది, ఆమెకు పసుపు కావాలి. ఏ ఇద్దరూ నేరుగా మార్చుకోలేరు. ముగ్గురూ గుండ్రంగా మార్చుకుంటేనే అందరికీ కావాల్సింది దొరుకుతుంది. మూడు రసీదులూ మూడు వేర్వేరు బ్లాక్‌చెయిన్లలో నమోదయ్యాయి.

లత ఒక రహస్య సంఖ్య ఎంచుకుని దాని హ్యాష్‌ను, అంటే వేలిముద్ర లాంటి గుర్తును ప్రకటిస్తుంది. ఆ గుర్తు నుంచి రహస్యాన్ని కనిపెట్టలేం, కానీ రహస్యం చూపిస్తే అదే అసలుదని సరిచూడగలం. మొదటి రోజు లత తన మిర్చికి తాళం వేస్తుంది: ఆరో రోజులోగా ఆ రహస్యం చూపితే ఇమ్రాన్‌కు వెళ్తుంది, లేకపోతే తనకే తిరిగొస్తుంది. రెండో రోజు ఇమ్రాన్ ఇదే గుర్తుతో పసుపును మేరీ కోసం తాళం వేస్తాడు, గడువు ఐదో రోజు. మూడో రోజు మేరీ పత్తిని లత కోసం తాళం వేస్తుంది, గడువు నాలుగో రోజు. నాలుగో రోజు లత రహస్యం చూపి పత్తి తీసుకుంటుంది. అలా బయటపడిన రహస్యంతో ఐదో రోజుకల్లా మేరీ పసుపు, ఆరో రోజుకల్లా ఇమ్రాన్ మిర్చి తీసుకుంటారు. గడువులు ఒకదాని తర్వాత ఒకటి ఉండడం వల్ల ప్రతి ఒక్కరికీ ఒక రోజు వ్యవధి దొరుకుతుంది. ఎంతమంది ఎంత చిక్కుగా మార్చుకున్నా ఏ షరతుల మీద ఇది సాధ్యమో మారిస్ హెర్లిహీ 2018లో గణితపరంగా వివరించారు.

ఇందులో పెద్దమనిషి కనిపించడు. కానీ అతని పని చేసేవారున్నారు. తాళాలను కాపాడే బ్లాక్‌చెయిన్ ఒకటి, గడియారం రెండోది. రెండింటినీ నమ్మాలి. పైగా లతకు ఒక అదనపు సౌకర్యం దొరికింది. నాలుగో రోజుకు పత్తి ధర పడిపోతే ఆమె రహస్యం చూపకుండా ఊరుకోవచ్చు. మిగతా ఇద్దరి సరుకు గడువు తీరేదాకా తాళంలోనే ఉండిపోతుంది. ఆమె నియమం తప్పలేదు, మోసం చేయలేదు. అయినా నష్టం ఇతరులది.

మౌనం ఖరీదు

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకో సన్నివేశం. ఐదో రోజు మేరీ పసుపు తీసుకుంది. ఇమ్రాన్ ఊళ్లో గాలివానకు కరెంటు పోయింది, టవర్ పనిచేయడం లేదు. ఆరో రోజు గడిచిపోయింది. పసుపు వెళ్లిపోయింది, మిర్చి రాలేదు. లతకు పత్తి దక్కింది, మిర్చి కూడా తిరిగొచ్చింది. ఎవరూ మోసం చేయలేదు. ప్రోటోకాల్ రాసినట్టే నడిచింది.

హెర్లిహీ లాంటి వారి సిద్ధాంతాల్లో న్యాయం హామీ నియమాలు పాటించినవారికే దక్కుతుంది. సమయానికి స్పందించడం ఆ నియమాల్లో ఒకటి. నెట్‌వర్క్ లేని మనిషి గణితం దృష్టిలో నియమం తప్పిన మనిషే. కావాలని మౌనంగా ఉన్నవారికీ, సిగ్నల్ లేక మౌనంగా ఉన్నవారికీ తేడా ప్రోటోకాల్‌కు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. వేగవంతమైన ఇంటర్నెట్, ఇరవై నాలుగు గంటలూ పనిచేసే సర్వర్ ఉన్నవారికి ఇది సమస్యే కాదు. ఒక్క ఫోన్ మీద ఆధారపడ్డ రైతుకు, చిన్న వ్యాపారికి ఇది పంట నష్టంతో సమానం.

ఈ భారాన్ని వేరే చోటికి జరపవచ్చనడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. యూపీఐలో మన ఖాతా నుంచి డబ్బు తగ్గి అవతలివారికి చేరకపోవడం చాలామందికి అనుభవమే. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు దీనికి గడువు విధించింది. ఒకరి నుంచి ఒకరికి పంపిన డబ్బు ఇలా నిలిచిపోతే లావాదేవీ మరుసటి రోజులోగా తిరిగి జమ కావాలి. దుకాణదారుకు చేసిన చెల్లింపులో ధ్రువీకరణ రాకపోతే ఐదు రోజుల్లోగా వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున వినియోగదారుకు పరిహారం చెల్లించాలి, అది కూడా ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా.

అమలు ప్రతిచోటా సక్రమంగా ఉందని నేను అనను. కానీ ఆ నియమం వెనుక ఉన్న ఆలోచన సరైనది. సందేశం ఎక్కడో ఆగిపోయింది, తప్పు ఎవరిదో వెంటనే తెలియదు. అలాంటప్పుడు నష్టాన్ని మోయాల్సింది దాన్ని మోయగలిగినవారు, వ్యవస్థను బాగుచేయగలిగినవారు. ఈ నిర్ణయం ఏ సమీకరణం నుంచీ రాలేదు, విధానంగా వచ్చింది.

నిజమే, మధ్యవర్తుల వల్ల ఇబ్బందులున్నాయి. వాళ్లు కమీషన్ తీసుకుంటారు, మన లావాదేవీలన్నీ చూస్తారు, కొన్నిసార్లు వాళ్లే దివాలా తీస్తారు. కనిపించని కోడ్ అయితే కనీసం లంచం అడగదన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అందుకే నేను పాత పద్ధతికే ఉండిపోదామనడం లేదు. అశోకన్ బృందం చూపినట్టు, తేడా వస్తేనే పిలిచే, అవసరమైనంతే చూసే మధ్యవర్తిని రూపొందించుకోవచ్చు. మధ్యవర్తే లేడని చెప్పడం మాత్రం సరికాదు. అలా చెప్పినచోట అతని బాధ్యత కూడా మాయమవుతుంది.

వస్తువులు, సేవలు, డేటా, ఒప్పందాలు ఒక్కొక్కటిగా డిజిటల్ వేదికల మీదికి వస్తున్నాయి. ప్రజల కోసం అలాంటి వేదికను కట్టే ప్రతి సంస్థా, దాన్ని అనుమతించే ప్రతి నియంత్రణ మండలీ ముందుగా నాలుగు విషయాలు రాతపూర్వకంగా, మామూలు భాషలో చెప్పాలని నేను కోరుకుంటున్నాను. ఒకటి, ఇందులో మధ్యవర్తి పాత్ర ఎవరిది, వారికి మన గురించి ఏమేం తెలుస్తుంది? రెండు, కనెక్షన్ మధ్యలో తెగిపోతే ఫలితం ఎవరికి అనుకూలంగా ఉంటుంది? మూడు, గడువులు ఎవరిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించారు, నగరంలోని సర్వర్‌నా, పల్లెలోని ఫోన్‌నా? నాలుగు, ఇద్దరి కోసం రాసిన పద్ధతిని పదిమందికి విస్తరించే ముందు, గారే–మెకంజీ ప్రోటోకాల్‌ను పరీక్షించినట్టు, బయటి నిపుణులు యంత్ర సాయంతో దాన్ని పరీక్షించారా?

వీటిలో రెండో ప్రశ్నను మనం కూడా అడగవచ్చు. కొత్త యాప్‌లో డబ్బో పత్రమో పెట్టే ముందు, మధ్యలో సిగ్నల్ పోతే ఏమవుతుందో దాని నిబంధనల్లో వెతకండి. ఆ వాక్యం కనిపించకపోతే, నష్టం మీదేనని అర్థం చేసుకోవచ్చు.